తోక కింద తెలుపు

కైస్లాతో నా పరిచయం పేచీతోనే మొదలైంది. ఉత్తరాన మంచు ఊరు ఇనారిలో వాళ్ల పెరట్లో పిట్టలకు గింజలు పోసే బల్ల ఉంది. నుదుట ఎర్రబొట్టు ఉన్న బుల్లి ఫించ్ పిట్టలు దాని మీద గుంపుగా వాలతాయి. ఆ శనివారం పొద్దున వాటిలో ఒకటి మరీ తెల్లగా, దూదిపింజలా కనబడింది. అరుదైన ధ్రువపు రకం! ఔలు నగరం నుంచి నేను బస్సెక్కి వచ్చిందే దానికోసం.

"మామూలుదే. చలికి ఉబ్బింది" అని తేల్చేసింది కైస్లా.

నాకు ఒళ్లు మండింది. తోక కింద గీతల్లేకుండా తెల్లగా ఉంటే ధ్రువపుదే, ఫొటో తీసి చూపిస్తానన్నాను. చూపిస్తే రాత్రి డాన్సుకు నాతో వస్తానంది. లేదంటే నోరు మూసుకుని ఊరికి పొమ్మని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు పిట్టకన్నా డాన్సే ముఖ్యమైపోయింది.

తోక కింద చూడాలంటే మనం పిట్టకన్నా కింద ఉండాలి. మంచులో బోర్లా పడుకున్నాను. పొట్ట కొయ్యబారిపోయింది. సాయంత్రానికి అది ఎదురుగా బిర్చ్ చెట్టు కొమ్మ మీద వాలి తోకెత్తింది. కెమెరా నొక్కాను.

సరిగ్గా అప్పుడే ఆ చెట్టు వెనకనున్న సౌనా, అదే ఆవిరిస్నానపు గది, తలుపు తెరుచుకుంది. ఈ దేశంలో శనివారం సాయంత్రం సౌనా వేడెక్కని ఇల్లుంటుందా? నా మట్టిబుర్రకు తట్టలేదు. కైస్లా నాన్న ఔలిస్ గారు ఒంటిమీద నూలుపోగు లేకుండా, పొగలు కక్కుతూ వచ్చి మంచులో దొర్లారు. నన్నూ నా కెమెరానూ చూశారు. లేచి లోపలికి వెళ్లిపోయారు.

ఫొటో చూసుకున్నాను. పిట్ట తోక కింద మచ్చలేని తెలుపు. దాని పక్కన, అంతకన్నా స్పష్టంగా, ఔలిస్ గారు.

కూతురికి చూపించే ఫొటోనా అది? చెరిపేశాను. ఏడుపొచ్చినంత పనైంది. కైస్లా దగ్గరికెళ్లి, అది మామూలు పిట్టేనని, బస్సుకు వెళ్తానని చెప్పాను.

ఆమె ముఖం వాడిపోయింది. "అది ధ్రువపుదే. నాకు పొద్దున్నే తెలుసు."

"మరి కాదన్నావేం?"

"అవునంటే ఫొటో తీసుకుని పోయేవాడివిగా."

"ఎక్కడికీ పోను. నువ్వంటే నాకిష్టం కైస్లా" అనేశాను.

అంతలో ఔలిస్ గారు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "చూడాల్సిందంతా చూసేశావు కదా అబ్బాయ్. ఇంకా బయటెందుకు? లోపలికి రా, ఆవిరి చల్లారిపోతోంది."

కైస్లా పడీపడీ నవ్వుతూ నా చేతిలో ఒక తువ్వాలు పెట్టింది.

"తొందరగా రా. డాన్సుకు టైమవుతోంది" అంది.