నూరో చీటీ

వాన తగ్గేదాకా ఆమె వాచీల షాపు చూరు కింద నిలబడింది. లోపల ఒక యువకుడు కంటికి భూతద్దం తగిలించుకుని, ఎదుట కూర్చున్న పెద్దాయనకి నచ్చజెబుతున్నాడు.

"ఈ బెల్టు మీ వాచీకి సెట్ అవ్వదండీ. నా మాట వినండి."

ఆమె గబుక్కున సంచీలోంచి అరచేయంత చీటీ తీసి ఏదో రాసుకుంది. పెద్దాయన వెళ్ళగానే యువకుడు భూతద్దంతోనే బయటికి వచ్చాడు. ఒక కన్ను మామూలుగా ఉంది, రెండోది కోడిగుడ్డంత ఉంది.

"నా షాపు మీద ఏం రాస్తున్నారు? కంప్లైంటా?"

"కాదండీ. మీరన్న మాట."

"నా మాట మీద కంప్లైంటా?"

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఆమెకి బెరుకు. చీటీనే అతని చేతిలో పెట్టింది. అందులో అతనన్న వాక్యం, దాని కింద 'వాచీల మెకానిక్, తన షాపులో, సాయంత్రం అయిదుంపావు' అని నీలి సిరాతో ఉంది.

ఎదురు మేడ మీద నిఘంటువు ఆఫీసులో ఆమె కొత్తగా చేరిందట. మన మాటల్లో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలకి అక్కడ నిఘంటువు తయారవుతోందట. ఆమె వంతుకి 'సెట్' అన్న మాట వచ్చింది. పెళ్ళి సంబంధం సెట్టే, నగల సెట్టూ సెట్టే, టీవీ సెట్, సినిమా సెట్, లైఫ్ సెట్. నెలాఖరుకి నూరు చీటీలు నింపితే ఉద్యోగం ఖాయం. లేకపోతే కొత్త మనిషిని చూసుకుంటారు. నియమం ఒక్కటే. జనం వాళ్ళ పనిలో వాళ్ళుండి అన్నదే రాయాలి. అడిగి చెప్పించుకున్నది చెల్లదు.

ఇదంతా ఆమె తలొంచుకుని, చెప్పుల వైపు చూస్తూ చెప్పింది. అతను చాలా శ్రద్ధగా విన్నాడు. అంత శ్రద్ధగా వినకుండా ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మర్నాటి నుంచి ఆ షాపులో 'సెట్' వాన కురిసింది. అలారం సెట్ చేయాలి, ముల్లు సెట్ అవ్వలేదు, మా తాతయ్య మూడ్ సెట్ అవ్వలేదు. ఆమె రోజూ ఆఫీసు అయ్యాక వచ్చి, బల్ల చివర కూర్చుని రాసుకునేది. ఆఫీసుకి సెలవైన ఆదివారం కూడా వచ్చింది, శుభ్రంగా నడుస్తున్న తన వాచీ ఆగిపోతుందేమోనని చూపించడానికి. అతను దాన్ని అరగంట పరీక్షించి, ఇది ఆగే రకం కాదన్నాడు.

మూడో వారంలో ఆఫీసు మేడం, అంటే సంపాదకురాలు, చీటీలు తనిఖీ చేసింది. మేడం ఎర్ర పెన్సిలు దిగితే పేజీ వణుకుతుందని అక్కడ పేరు. ఎనభై రెండు చీటీల్లో నలభై ఒకటి ఒక్క మనిషివే.

"ఈ వాచీల ఆయనకి వేరే మాట రాదా అమ్మాయ్?"

మేడం ఇంకో చీటీ ఎత్తి పైకి చదివింది. 'వాచీల మెకానిక్, వీధి మలుపులో, అయిదూ నలభై, వాన, ఒకే గొడుగు కింద.'

"గొడుగు సంగతి నిఘంటువుకి అక్కర్లేదు," అని ఆ ముక్క వరకు కొట్టేసింది. ఆమె చెవులు కూడా ఆ పెన్సిలు రంగుకి తిరిగాయి.

ఆ సాయంత్రం షాపులో అతను లేడు, విడిభాగాలకి వెళ్ళాడు. అతని తాతయ్య ఆమెని చూసి సంబరపడిపోయాడు. కూర్చో తల్లీ అని, బల్ల సొరుగులోంచి ఒక అట్టముక్క తీసి ఇచ్చాడు. రోజూ పొద్దున్నే మనవడు ఇది ముందేసుకుని చదువుతుంటాడట, నీకోసమే అయ్యుంటుంది, తీసుకో అన్నాడు.

అట్ట నిండా వాక్యాలు. ప్రతిదాంట్లోనూ 'సెట్'. ఇదివరకే అనేసిన వాటి పక్కన టిక్కులు. కింద మిగిలినవి ఇంకా పదిహేడు.

అవి పనిలో పడి అన్న మాటలు కావు. ఆమె కోసం వండిన మాటలు. ఒక్కటీ చెల్లదు.

దాచేద్దామా అని ఆమె ఆఫీసు మెట్ల మీద నిలబడి కాసేపు ఆలోచించింది. తర్వాత పైకెళ్ళి మేడంకి అట్ట చూపించింది. మేడం నలభై చీటీలు తీసేసి, మొదటిది మాత్రం ఉంచింది. అప్పటికి అతనికి సంగతి తెలియదు కాబట్టి అది చెల్లుతుందంది. మిగిలినవి నలభై రెండు. రోజులు పది.

మర్నాడు అతను ఆఫీసు గేటు దగ్గర ఎదురొచ్చాడు. తాతయ్య చెప్పేసినట్టున్నాడు, మొహం వేలాడిపోయింది.

"నా ఉద్యోగంతో ఆడుకున్నారు. ఇంక నాతో మాట్లాడకండి," అంది ఆమె. అంత పెద్ద మాట ఎవరితోనైనా అనడం ఆమెకి అదే మొదటిసారి.

ఆ పది రోజులూ బెరుకు పక్కన పెట్టి ఊరంతా తిరిగింది. పళ్ళ డాక్టరు దగ్గర పన్ను నొప్పి లేకుండా కూర్చుంది. దర్జీ దగ్గర, బస్సులో, జుట్టు కత్తిరించే చోట చెవులు రిక్కించి కూర్చుంది. వాచీల షాపు ముందు నుంచి వెళ్ళేటప్పుడు మాత్రం ఆకాశం వైపు చూసేది. ఆకాశంలో ఏమీ ఉండేది కాదు.

ఆఖరి రోజు సాయంత్రానికి తొంభై తొమ్మిది అయ్యాయి. బయట వాన. మేడం గడియారం చూస్తోంది. అప్పుడే అతను తడిసిన గొడుగుతో మెట్లెక్కి వచ్చాడు.

అతని చేతిలో అట్ట లేదని చూసుకుని మేడం ఆమె ముందుకి ఖాళీ చీటీ తోసి, కానివ్వమన్నట్టు కళ్ళతోనే అంది.

అతను గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టాడు. తప్పు నాదేనన్నాడు. "ఆ మొదటి రోజు మీరు చీటీ మడిచి వెళ్ళిపోతుంటే, రేపు రాకపోతే ఎలా అనిపించింది. రాయడానికి ఏమీ లేకపోతే ఎందుకొస్తారు? అందుకే రాసుకున్నాను. ఈ పది రోజులూ షాపులో గంటలన్నీ మోగుతూనే ఉన్నాయి, నాకు అయిదుంపావు ఒక్కటే వినపడింది. మీరు రాసుకోకపోయినా పర్లేదు. ఊరికే వచ్చి కూర్చోండి. మీరంటే నాకు ఇష్టం."

చీటీ తెల్లగానే ఉంది.

"ఒక్కటైనా వచ్చిందా?" అంది మేడం.

"లేదు మేడం." ఆమె అతని వైపు తిరిగింది. "ఆ మాట రాకుండా జాగ్రత్త పడ్డారా?"

"ఏ మాట?" అన్నాడు అతను, నిజంగా అయోమయంగా.

ఆమెకి నవ్వొచ్చింది. ఇవి అట్ట మీద మాటలు కావని తేలిపోయింది. ఈసారి చెప్పుల వైపు చూడకుండా చెప్పింది. "ఆదివారం ఆఫీసు లేదు. నా వాచీకి జబ్బు లేదు. ఊరికే వచ్చాననే సంగతి మీకు అప్పుడే తెలియొద్దా?"

అతను గొడుగు కింద పెట్టబోయి, కాలి మీద పెట్టుకున్నాడు.

మేడం ఇద్దరినీ చూసి, నిట్టూర్చి, తాళాలు అందుకుంది. "బాగానే ఉంది. నా మెదడు తినేసి మీ ఇద్దరూ సెట్ అయిపోయారు. ఇక పదండి, తలుపు వేయాలి."

ఆమె చేయి దానంతటదే చీటీ మీదికి వెళ్ళింది. మేడం తాళాలు పట్టుకుని అలాగే ఆగిపోయింది, తనేమందో అప్పుడు తెలిసొచ్చి.

నూరో చీటీ మేడం చేతికి వచ్చింది. వాక్యం, దాని కింద 'సంపాదకురాలు, తన ఆఫీసులో, ఆరు గంటలు, వాన, గొడుగు ఒక్కటే' అని ఉంది.

ఎర్ర పెన్సిలు ఆ చివరి ముక్క దాకా వచ్చి, కాసేపు ఆగింది. దాన్ని ముట్టుకోకుండా పక్కన టిక్కు పెట్టింది.