మంగళవారం గిన్నె

“బాబ్బాబు, ఈ ఒక్క గిన్నె తీసుకోండి!”

ఇలింకా బతిమాలుతోంది. చర్చి మెట్ల మీద కూర్చున్నవాడి కోటు నిండా చిరుగులు, జుట్టు నిండా సున్నం. ఇంకేముంది, ఇల్లూ వాకిలీ లేనివాడే అనుకుంది.

“కడుపు నిండిపోయిందండీ,” అన్నాడతను.

“మీరూ అంతేనా?” ఆమె గిన్నె ఇంకా ముందుకు చాపింది. “పొద్దున్నుంచీ తిరుగుతున్నాను. ఒక్కరూ ముట్టుకోవట్లేదు. మా అవ్వ పేరు మీద పెడుతున్నదండీ!”

ఎలా ముట్టుకుంటారు? ఆ రోజు పెద్దల శనివారమాయె. ఆ బ్రయిలా ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ పోయినవాళ్ళ కోసం మట్టిగిన్నెలో తిండి పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, గిన్నెతో సహా లేనివాళ్ళకి ఇచ్చేస్తారు. ఇక్కడ తిన్నది అక్కడ వాళ్ళకి చేరుతుందని నమ్మకం. పాపం, ఆ లేనివాళ్ళు మాత్రం ఎన్ని గిన్నెలని తింటారు!

అతను ఆమె మొహం చూశాడు. గిన్నె అందుకున్నాడు. మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు, అదే, సర్మాలె, కష్టపడి మింగాడు. “దేవుడు మీ అవ్వని చల్లగా చూడాలి,” అని ఆనవాయితీగా అనాల్సిన మాట కూడా అన్నాడు. ఇలింకా మనసు తేలికపడింది.

ఎంతసేపని! సంచి భుజాన వేసుకుని ముసలి జహారియా వచ్చాడు. స్టేషన్ వెనక పడుకునే మనిషి.

“సబీన్ బాబూ, రేపు భోజనం ఎక్కడ పెడుతున్నారు? అవునూ, నీకు ఇల్లుంది, రంగులేసే పనుంది, మా గిన్నె నువ్వు లాగిస్తున్నావేంటి?”

ఇలింకా అగ్గిమీద గుగ్గిలమైంది.

“ఇల్లుందా మీకు?”

“చిన్నదేనండీ.”

“ఆకలితో ఉన్నవాళ్ళకి చేరాల్సింది మీరు మింగేశారా!”

“మింగమని ఏడ్చింది మీరే కదండీ! ఇవాళ ఈ ఊళ్ళో ఆకలితో ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఏ రోజు ఏ చర్చిలో పెడతారో కనుక్కుని వీళ్ళకి చెప్పడం నా అలవాటు. శని, ఆదివారాలు వద్దంటే తిండి. మంగళవారం ఎక్కడా మెతుకు దొరకదు. నిజంగా ఆకలి తీర్చాలనుంటే ఆ రోజు స్టేషన్ వెనక్కి తీసుకురండి.”

“పెద్దల రోజుని మీ ఇష్టమొచ్చినట్టు మారుస్తారా? భలేవారే!” విసవిసా వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక కోపం పోయింది, దిగులు మిగిలింది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో అగ్లాయా అవ్వ, “ఒక్కటి పెట్టవే తల్లీ,” అని సర్మాలె కోసం అడిగింది. డాక్టర్ వద్దన్నాడని ఇలింకా పెట్టలేదు. మర్నాడే అవ్వ వెళ్ళిపోయింది. అడిగి అడిగి ఆకలితో పోయిన అవ్వకి, కడుపు నిండినవాడు తిన్నది ఎలా చేరుతుంది? ఆ మాటే తొలుస్తోంది.

మంగళవారం వాన. అయినా పెద్ద కుండ పట్టుకుని తడుస్తూ స్టేషన్ వెనక్కి వెళ్ళింది. ఆమెని చూడగానే సబీన్ మొహం వెలిగిపోయింది. పరుగున వచ్చి కుండ అందుకుని, తన గొడుగు దాని మీద పట్టాడు.

“కుండకి పట్టారు గొడుగు, నాకు లేదా?”

“ముందు సర్మాలె, తర్వాతే మీరు!”

ఇలింకాకి నవ్వాగలేదు.

జహారియా మొదటిది రెండు ముద్దల్లో తినేశాడు. “ఎవరి పేరు మీదమ్మా?”

“మా అవ్వ. అగ్లాయా.”

“అగ్లాయమ్మా, నిన్నటి నుంచీ ఇదే మొదటి తిండి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి,” అని ఆకాశం వైపు చూసి, గిన్నె చాపాడు. “ఇంకొక్కటి పెట్టవే తల్లీ.”

ఇలింకా చెయ్యి ఆగిపోయింది. అచ్చం అవ్వ అడిగినట్టే అడిగాడు. ఒకటి కాదు, మూడు వేసింది. ఏడుస్తూ, నవ్వుతూ ఇంకోటీ వేసింది.

కుండ ఖాళీ అయ్యాక సబీన్ ఒక గిన్నె ఆమె ముందు పెట్టాడు. అందులో అతను ముందే తీసి దాచిన రెండు సర్మాలె. “పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదూ నువ్వు?”

‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

“ఇది శనివారం నేనిచ్చిన గిన్నెలా ఉందే!”

“అదే. రోజూ ఇందులోనే తింటున్నాను.”

“ఒకసారి ఇచ్చాక ఆ గిన్నె మళ్ళీ మా గుమ్మం ఎక్కకూడదు. తెలుసా?”

“తెలుసు.” అతని చెవులు ఎర్రబడ్డాయి. “గిన్నె నీ ఇంటికి రాకూడదు. నువ్వు గిన్నె ఉన్న ఇంటికి రావచ్చుగా? నువ్వంటే నాకు చాలా ఇష్టం, ఇలింకా.”

ఆమె తలొంచుకుని నెమ్మదిగా తింది.

“మీ ఇంట్లో పొయ్యి ఎంతుంటుంది?” అంది చివరికి.

“పొయ్యా? ఎందుకూ?”

“ప్రతి మంగళవారం ఈ కుండ ఎక్కాలిగా మరి!”