బడివైపు గడియ

పొద్దున్నే జావ గ్లాసు పట్టుకుని నడిమి తలుపు దగ్గరికెళ్తే అవతల గడియ పెట్టేసి ఉంది. పెద్దమ్మాయి అరచేత్తో తలుపు బాదింది.

"నాన్నా, తియ్యి. నిన్నటి నుంచి ఏమీ తినలేదు."

"ఇది బడి. ఇంట్లో పిల్లలు ఇటు రాకూడదు," అన్నాడు లోపల్నుంచి మాస్టారు. బెంచీలు పోయి ఎన్నేళ్ళయిందో! మతి తప్పిన ఆ మనిషికి మాత్రం పాఠం ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ ఇల్లు కట్టుకోవడమే అలా కట్టుకున్నాడాయన. వీధివైపు బడిగది, పెరటివైపు కాపురం, మధ్యలో మూరెడు మందం మట్టిగోడ. బడివైపు నల్లరంగు పూస్తే అదే నల్లబల్ల. వంటింటివైపు పొయ్యి పొగకి అదీ నల్లబడింది. పిల్లల పాదాలు రాసుకుని రాసుకుని వీధి గడప మధ్యలో గుంటపడింది. గోడకున్న ఒక్క తలుపుకీ గడియ బడివైపే. కన్నకూతురైనా సరే, పెరట్లోంచి బయటపడి, వీధంతా చుట్టి, గడప ముందు నిలబడి "సార్" అనాల్సిందే. వానలో తడిసినా అంతే. ఆ కోపాన్ని కడుపులో దాచుకునే పెరిగింది పిల్ల. చదువైపోయాక ఆ గడప తొక్కితే ఒట్టు.

"అక్కా, మేస్త్రీ వచ్చాడు," అన్నాడు తమ్ముడు. "నిజంగానే గోడ పడగొట్టిస్తావా? నాన్న తన కాళ్ళతో తొక్కిన మట్టే అది."

"ఆయన లోపల పడిపోతే ఆ మట్టిని చూసుకుంటూ కూర్చుందామా?"

"వీధి తలుపు బార్లా తీసే ఉందిగా! నేను వెళ్తే ఆలస్యంగా వచ్చానని గోడకుర్చీ వేయించాడు. ఈ వయసులో! నా మోకాళ్ళు చూడు."

నవ్వు రాబోయి ఏడుపైంది ఆమెకి.

"నీకు గోడకుర్చీ అయినా దక్కిందిరా. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఈ తలుపు కొట్టాను నేను. తియ్యలేదు. పడగొట్టమను."

మేస్త్రీ గునపం వేశాడు. మొదటి దెబ్బకే అవతల కుర్చీ దబ్బున పడిన చప్పుడు.

గ్లాసు చేతిలో ఉండగానే ఆమె పెరట్లోంచి వీధిలోకి పరుగెత్తింది. మాస్టారు పడిపోలేదు. రెండు చేతులూ చాపి గోడకి వీపు ఆనించి, వణుకుతూ నిలబడి ఉన్నాడు. గడప దగ్గర ఆమె కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"లోపలికి రావచ్చా సార్?"

"రా తల్లీ. ఎవరో గోడ కొడుతున్నారు, వద్దని చెప్పు."

కూర్చోబెట్టి గ్లాసు అందిస్తే బుద్ధిగా తాగాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు:

"గోడవతల మా అమ్మాయి ఉంది. దానికి జ్వరమొచ్చి తలుపు కొడుతుంటే నా చేతిలో సుద్ద విరిగిపోయింది. అక్షరం రాయలేకపోయాను. అది కళ్ళెదుటుంటే ఇంకెవరి పిల్లలూ నాకు కనబడరమ్మా. అందుకే గడియ. దానికి చెప్పకు, బాధపడుతుంది."

"చెప్పను సార్."

"ఇంతకీ నువ్వెవరి అమ్మాయివి?"

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది. "ఇక్కడి దాన్నే సార్," అంది. బయటికొచ్చి మేస్త్రీని పంపేసింది.

మర్నాడు పొద్దున్న వాన. గ్లాసు మీద చెయ్యి మూతపెట్టి, వీధంతా చుట్టి, తడిసి ముద్దయి వచ్చి గడప ముందు నిలబడింది పెద్దమ్మాయి.