రొట్టె అనుకుంటారు

సబ్బు కోసం సింకు కింది అలమరలో చెయ్యి పెట్టిన లియొనోర్‌కు మెత్తటి ఉండ తగిలింది. లాగి చూస్తే దుకాణం ప్లాస్టిక్ సంచులు, ఒకదానిలో ఒకటి కుక్కి పెట్టినవి.

"ఏమిటివి నాన్నా?"

అన్సెల్మో బల్ల దగ్గర కూర్చుని కాఫీలో తీపిరొట్టె ముంచుకుంటున్నాడు. "సంచులమ్మా," అన్నాడు.

"సంచులని నాకూ తెలుసు. ఈ ఊళ్ళో ఏ దుకాణమూ ఇవి ఇవ్వకూడదని ఊరిసభలో తీర్మానం చేయించింది ఎవరు?"

"నువ్వే."

"మరి నా సింకు కిందే ఎలా పుట్టాయి? బస్సెక్కి పక్క ఊరు వెళ్ళి తెస్తున్నావు కదూ? మా కమిటీ ప్రిసిల్లా కళ్ళారా చూసిందట. పాలకో సంచి, రొట్టెకో సంచి, ఒక్క నిమ్మకాయకో సంచి అడిగి మరీ తీసుకున్నావట. నవ్వుతూ చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

ముసలాయన ఇంకో ముక్క కాఫీలో ముంచాడు.

"చదువు లేదు సరే. పక్కవాళ్ళను చూసైనా నేర్చుకోవద్దా? చేపల పడవల మీద బతికినంత కాలం మీరంతా చెత్తంతా సముద్రంలోకి విసిరేశారు. ఇంకా ఆ బుద్ధే."

అన్సెల్మో కప్పు పక్కకు జరిపి లేచాడు. లియొనోర్ ఆ ఉండను కారులో వేసుకుని వెళ్ళి, సంచులు తిరిగి తీసుకునే డబ్బాలో పడేసి వచ్చింది. మసాచుసెట్స్ తీరంలోని ఆ చిన్న ఊళ్ళో సముద్రాన్ని కాపాడే భారమంతా తన భుజాల మీదే ఉన్నట్టు ఆమె నడక ఉండేది. తాబేళ్ళ గురించి మాట్లాడితే కళ్ళు తడిసేవి. తండ్రితో మాట్లాడితే మాత్రం గొంతులో ఇసుక పడ్డట్టు ఉండేది.

పది గంటలకు ప్రిసిల్లా, కమిటీలోని మరో ఆవిడ వచ్చారు. పక్క ఊళ్ళోనూ ఇదే నియమం ఎలా తేవాలన్నది ఆనాటి చర్చ.

"అక్కడి జనానికి చెప్పడం కష్టం," ప్రిసిల్లా కాఫీ చప్పరించింది. "ఎక్కువమంది ఫ్యాక్టరీల వాళ్ళు. వాళ్ళకి సముద్రమంటే ఆదివారం బీరు తాగే చోటు."

లియొనోర్ నవ్వింది. ఆ ఫ్యాక్టరీల్లోనే తన తల్లి ముప్పై ఏళ్ళు చేపలు కోసిందన్న సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తుకు రాలేదు, లేదా గుర్తుకు రానివ్వలేదు.

అప్పుడే స్నానాలగది తలుపు తెరుచుకుంది. అన్సెల్మో టోపీ పెట్టుకుని, వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి రెండు చేతులా పట్టుకుని ముందుగదిలోంచి వీధి తలుపు వైపు నడిచాడు. పత్రిక అడుగున తడిసిపోయి ఉంది. తలుపు చేరకముందే చిరిగింది. లోపలిది కార్పెట్ మీద పడింది.

వాసన గదంతా కమ్మేసింది. ప్రిసిల్లా ముక్కు మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇలాంటి వాళ్ళకి మంచి చోట్లు ఉన్నాయి లియొనోర్," అంది జాలిగా. "చాలా శుభ్రంగా చూసుకుంటారు."

లియొనోర్ ముఖం ఎర్రబడింది. తండ్రి దగ్గరికి వెళ్ళి పళ్ళబిగువున అంది. "వీళ్ళు వెళ్ళేదాకా ఆగలేకపోయావా? నా పరువు తియ్యడమే నీ పనా?"

ఆయన కిందికి వంగాడు. మోకాళ్ళ మీద కూర్చుని జేబురుమాలుతో తుడవసాగాడు.

వంటింటి తలుపులోంచి సూప్ గిన్నెతో వచ్చిన డూల్సే ఇదంతా చూసింది. ఆమె లియొనోర్ అన్న భార్య, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. గిన్నె కింద పెట్టి మామగారి పక్కన కూర్చుంది.

"నేను తీస్తాను మామయ్యా. మీరు వెళ్ళి చేతులు కడుక్కోండి." తర్వాత అతిథుల వైపు చూసింది. "మీరింకా కూర్చునే ఉన్నారేం? దీని మీద కూడా తీర్మానం చేస్తారా?"

వాళ్ళు చేతిసంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. అన్సెల్మో చేతులు కడుక్కుని వెనక మెట్ల మీద కూర్చున్నాడు.

"అంత మాట అనాల్సింది కాదు వదినా," అంది లియొనోర్.

"ఆయన సంచులేం చేశావు?"

"పడేశాను. అసలు పక్క ఊరు ఎందుకు వెళ్ళాలి? ప్రిసిల్లా చూసి నవ్వుకుంది."

"మరి ఆవిడ ఆ దుకాణంలో ఏం కొంటోందో అడిగావా?"

లియొనోర్ వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చింది.

"పేగు కాన్సర్ ఆపరేషన్ అయి ఏడాదైంది. మలం పట్టడానికి పొట్టకి తగిలించిన ఆ తిత్తి మార్చాక, పాతది ఎక్కడికి పోతోందనుకున్నావు?"

"నర్సు వస్తుంది కదా..."

"నర్సు రావడం మానేసి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? సముద్రంలో తాబేలు కడుపులో ఏముందో ఊరంతటికీ చెప్తావు. నీ ఇంట్లో నీ తండ్రి కడుపు మీద ఏముందో ఒక్కసారి చూశావా?"

"చెత్త సంచులు అమ్ముతారుగా. అడిగితే కొనిపెట్టేదాన్ని."

"అడగాలా? నిన్నా?" డూల్సే నవ్వింది. ఆ నవ్వులో దయ లేదు.

లియొనోర్ వెనక మెట్ల మీదికి వెళ్ళి తండ్రికి కొంచెం ఎడంగా కూర్చుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"ఏం చెప్పమంటావు? ఇంట్లో పెడితే వాసనొస్తుంది. రోజూ నడకకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళి రేవు దగ్గర పెద్ద డబ్బాలో వేస్తాను. నల్లసంచి పట్టుకుని వీధిలో నడిస్తే ముసలాడు ఏం మోస్తున్నాడా అని చూస్తారు. దుకాణం సంచి అయితే రొట్టె అనుకుంటారు."

ఆమె తల వంచుకుంది. "ఆ తీర్మానం పెట్టకుండా ఉండాల్సింది."

"అదేం మాట? నేనూ నీ వైపే చెయ్యెత్తాను."

"సభకి నువ్వొచ్చావా?"

"వెనక వరసలో కూర్చున్నాను. ఆపరేషనైన కొత్త కదా, మనుషుల మధ్య కూర్చోవాలంటే భయం."

"ఈ సంచులు నీకే కావాలని తెలిసి కూడానా?"

"వలలో చేపల కంటే ఆ సంచులే ఎక్కువ వచ్చిన రోజులు చూశాను. నువ్వు చెప్పింది నిజం." ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అదీగాక, మైకు దగ్గర నీ గొంతు వణికింది. వెనక్కి తిరిగి చూస్తావేమో, నా చెయ్యి కనిపిస్తే ధైర్యంగా ఉంటుందని ఎత్తాను. నువ్వు చూళ్ళేదులే."

లియొనోర్ ఆ ఎడం దాటి జరిగి, తండ్రి మోకాలి మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమె జుట్టు మీద చెయ్యి వెయ్యబోయి, మళ్ళీ కడుక్కోవాలేమోనన్నట్టు అరచేతి వైపు చూసుకున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది.