చివరి ముడి వెయ్యని కాలర్

"ఒక్క కాలర్ కోసం నన్ను పంపిస్తారా సార్?" అన్నాడు ఏజెంట్ తొమ్మిది.

"అందులో నలభై ప్రాణాలున్నాయి," అన్నాడు బాస్. "లేసు మ్యూజియం, మూడో అద్దాల బీరువా. విదేశీ ముఠా మన నలభై మంది గూఢచారుల చిరునామాలనూ ఆ అల్లిక రంధ్రాల్లో కోడ్‌గా దాచింది. వేరే కాపీ లేదు. నాలుగింటికి ఒకావిడ వచ్చి తీసుకెళుతుంది. డబుల్ ఏజెంట్. ఎటువైపో ఆవిడకే తెలియాలి. కాలర్ గుమ్మం దాటకూడదు. ఆవిడ అడ్డొస్తే కాల్చెయ్."

మూడున్నరకల్లా తొమ్మిది ఎలక్ట్రీషియన్ వేషంలో నిచ్చెనెక్కి బల్బు విప్పుతున్నాడు. రెండే గదుల మ్యూజియం. తలల్లేని బొమ్మలకు తొడిగిన పాత గౌన్లు, పసుపెక్కిన పెళ్ళి ముసుగులు, జత పోయిన చేతి తొడుగులు. సందర్శకుడు ఒక్కడే. కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యకుండా, టోపీ కిందనుంచి గౌన్లని చూస్తున్నట్టు నటిస్తున్నాడు. నటన ఏమంత బాగాలేదు.

తొమ్మిది స్క్రూడ్రైవర్ పిడిలోని భూతద్దాన్ని బీరువా వైపు తిప్పాడు. ప్రతి పువ్వు చివరా ఒక కుట్టు ఎక్కువ! అలా అల్లే చెయ్యి అతనికి తెలిసి ఒక్కటే, అతని భార్యది. మూడేళ్ళ క్రితం విమానం కూలి ఆమె పోయిందని ఆఫీసు చెబితే, ఖాళీ పెట్టెకు అంత్యక్రియలు చేసి వచ్చాడు. ఆ రోజు నుంచీ సరిగ్గా నిద్రపోలేదు.

నాలుగింటికి ఆమె వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి పట్టు గౌను. బీరువా తాళం తీసి కాలర్ అందుకుంది. నిచ్చెన దిగుతున్న మనిషిని చూడగానే ఆమె కళ్ళద్దాలు తీసింది.

"బతికే ఉన్నావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"చచ్చిపోయినట్టు ఉండమన్నది మీ బాసేనండీ. ముఠాలో చేరాలంటే అదే దారన్నాడు. ఇది నాచేతే అల్లించారు. ప్రతి రంధ్రం సరిచూశారు, తప్పు అల్లడానికి కుదర్లేదు."

"నాతో వచ్చెయ్."

"ఆ టోపీవాడు నా వెనకే ఉన్నాడు." అతని అరచేతిలో దారం కొస పెట్టింది. "అల్లిక అయ్యాక చివరి ముడి వెయ్యనని వెక్కిరించేవారు కదూ? ఇప్పుడూ వెయ్యలేదు. గట్టిగా లాగండి."

ఆమె గుమ్మం వైపు నడిచింది. అతను దారాన్ని స్క్రూడ్రైవర్‌కి గబగబా చుట్టసాగాడు. పువ్వు తరవాత పువ్వు, వరస తరవాత వరస విడిపోయాయి. గడప దగ్గరకు చేరేసరికి ఆమె వేళ్ళ మధ్య ఏమీ మిగల్లేదు.

టోపీవాడికి అప్పుడు అర్థమైంది. వాడి పిస్తోలు ఆమె మీద పేలింది. తొమ్మిది పేల్చిన గుండుకి వాడు కూలాడు గానీ, అది రెప్పపాటు ఆలస్యం.

ఆమె తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మొత్తం విడిపోయిందా?"

"మొత్తం."

"చూశారా, నా బద్ధకం ఎంత పనికొచ్చిందో," అంది. మళ్ళీ మాట్లాడలేదు.

నలభై మంది బతికారు. అతను మాత్రం తలల్లేని బొమ్మల మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఫోన్ మోగింది. కాలర్ మొత్తం విడిపోయిందని చెప్పాడు.

"శభాష్!" అన్నాడు బాస్. "మనవైపు నష్టమేమైనా?"

స్క్రూడ్రైవర్‌కి చుట్టిన దారం ఇంకా ఆమె అల్లిన వంకరలతోనే ఉంది.

"ఏమీ లేదు సార్," అన్నాడు తొమ్మిది. "మీ రికార్డుల్లో ఆవిడ పోయి మూడేళ్ళయింది కదా."