గొట్టం గీరిన రాత్రి

సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో ఓ గుట్ట ఉంది. గుట్ట మీద ఓ గొట్టం ఉంది. పొద్దు గూకాక దాని పక్క నుంచి నడిచే మగాడు గానీ ఆడది గానీ లేరు.

తెల్లదొరల కాలంలో నీళ్లు మోసిన ఇనుప గొట్టం అది. మనిషి వంగి దూరిపోయేంత లావు. కొత్త లైన్లు వచ్చాక దాన్ని రెండు పక్కలా కోసి, మూతులకు సిమెంటు కొట్టి, మధ్య ముక్కను చెట్ల కింద అలాగే వదిలేశారు. పక్కనే పైకప్పు కూలిన ఇటుకల గది ఒకటి. అలాంటి ఎండు గొట్టం మీద రాత్రిళ్లు బిందె పెట్టిన చప్పుడు వినిపిస్తుందట. ఠంగ్... కాసేపాగి, నీళ్లు ఒంపిన చప్పుడు. ఆ తర్వాత తెల్లబట్టల ఆడమనిషి ఒకతె బిందె నెత్తిన పెట్టుకుని చెట్లలోకి పోతుందట.

ఎవరో పనిలేనివాళ్లు పుట్టించిన మాట అనడానికి లేదు. కళ్లారా చూసింది సాక్షాత్తూ రాజారావుగారు.

రాజారావుగారు ఆ గుట్ట కింది ఫ్లాట్ల బ్లాకులోని తెలుగువాళ్లందరికీ అంకుల్. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నిద్ర పట్టక నడకకు వెళ్లిన ఆ రాత్రి ఆయన గుట్ట దిగిన వేగానికి ఒక కాలి చెప్పు పైనే ఉండిపోయింది. మర్నాటి నుంచి దెయ్యం కంటే ఆయనే ఎక్కువ తిరిగాడు, ఇంటింటికీ.

"గొట్టాన్ని ముక్కలు చేయించి పంపించేయాలమ్మా. గుట్ట చుట్టూ ఫెన్సింగ్ వేయించాలి. నేను ఆల్రెడీ పిటిషన్ రెడీ చేశాను. జస్ట్ సైన్ చేయండి."

అందరూ చేశారు. తారాదేవి ఒక్కతే చేయనంది.

"అది పోతే నాకు అడ్డదారి పోతుంది అంకుల్," అంది. అది సగం నిజమే. జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు ముగించుకుని, బస్సు దిగి, గుట్ట మీదుగా వస్తే ఇల్లు దగ్గర. మిగతా సగం ఆమె ఆయనకు చెప్పలేదు. ఆ గొట్టం ఆమెకు చుట్టం లాంటిది.

ఆమె అవ్వది కోలారు వైపు పల్లె. బేతమంగళం నుంచి బంగారు గనులకు పోయే సర్కారు నీళ్ల గొట్టం ఆ పల్లె పొలాల్లోంచే పోయేది. గనిలో యంత్రాలకు నీళ్లు. దొరల బంగళాల్లో పూలమొక్కలకు నీళ్లు. గొట్టాన్ని మోస్తున్న పల్లెకు మాత్రం చుక్క లేదు... చెయ్యి వేస్తే జైలు.

అందుకని పల్లె ఆడవాళ్లు ఓ దెయ్యాన్ని పుట్టించారు.

తెల్లచీర కట్టుకున్న ఒకతె రాత్రిపూట గొట్టం మీద కూర్చుని జుట్టు విరబోసుకుని ఏడ్చేది. కావలివాడు ఆ ఛాయలకు రావడం మానేశాడు. అతుకు దగ్గర కారే నీళ్లను మిగతావాళ్లు నిమ్మళంగా బిందెలకు పట్టుకునేవాళ్లు. ఎప్పుడైనా వాడు ధైర్యం తెచ్చుకుని బయలుదేరితే, దెయ్యం తన బిందె అంచుతో గొట్టాన్ని బర్రున గీరేది. ఇనుములో పడి ఆ చప్పుడు పొలం ఆ చివరిదాకా పోయేది. వాడొస్తున్నాడు, దాక్కోండి — అని.

ఆ దెయ్యం తారాదేవి అవ్వే.

"బయపడాల్సింది వాళ్లు. మనకేమే బయం? ఆ నీళ్లు మనవి కదా!" అనేది అవ్వ, ముసలితనంలో కూడా కళ్లెర్రజేసి. అవ్వ గొట్టాన్ని గీరిన ఆ ఇత్తడి బిందె తారాదేవితో పాటు సింగపూర్ వచ్చింది. ఇప్పుడు ఫ్లాట్ తలుపు పక్కన గొడుగులు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

సంతకం పెట్టనన్న రోజు రాత్రే తారాదేవి గుట్ట ఎక్కడానికి బయలుదేరింది. కూతురు అనన్య సోఫాలోంచి తల ఎత్తింది.

"అమ్మా, డోంట్ గో లా. వెయిట్... సంథింగ్ ఫాలో యూ హోమ్, హౌ?"

"వెంట వస్తే రానీ. అన్నం పెడదాం," అంది తారాదేవి, చెప్పులేసుకుంటూ.

అన్నంత తేలిక కాలేదు. మెట్లు దాటి చెట్ల కిందికి వచ్చేసరికి రోడ్డు మీది కార్ల హోరు సన్నగిల్లింది. కప్పల అరుపులు కూడా ఆగిపోయాయి. ఫోన్ లైటు వేద్దామా అనుకుని, వేస్తే ఏం కనిపిస్తుందోనని మానేసింది. భయం వేసింది. భయం వేసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఠంగ్...

గొట్టం మీద... తెల్లగా... ఏదో కదిలింది.

నీళ్లు ఒంపిన చప్పుడు. తడిసిన మట్టి వాసన. తారాదేవి అడుగు వెనక్కి వేయబోయి — అవ్వ గుర్తొచ్చి — ముందుకే వేసింది.

"ఎవరది?" గుసగుసగానే వచ్చింది గొంతు.

తెల్లటి ఆకారం గిర్రున తిరిగింది. బిందె దొర్లింది.

"అమ్మో! మేడంగారండీ... మా అయ్యగారితో చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను!"

దెయ్యం గోదావరి యాసలో ఏడుస్తోంది.

నూకరత్నం! రాజారావుగారింట్లో పనిచేసే మనిషి. ఒంటి మీద రాజారావుగారి భార్య వాడి వదిలేసిన తెల్ల నైటీ. ఇంతకీ మహానుభావుడు చెప్పు వదిలేసి పరిగెత్తింది తన పెళ్లాం నైటీని చూసి!

ఇటుకల గది వెనక, గొట్టం చాటున, మూడడుగుల వెడల్పు మడి. గోంగూర, పచ్చిమిర్చి, బచ్చలి. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యకుండా దాచి, పెద్దవాళ్లిద్దరూ పడకగదిలోకి వెళ్లాక తెచ్చి పోస్తుందట. గొట్టం ఎక్కి దిగాలి కాబట్టి ముందు బిందె దాని మీద పెడుతుంది. అదీ ఆ ఠంగు.

"ఇద్దరికీ బీపీ అండి. ఉప్పుండదు, కారముండదు. ఆ ఉడకబెట్టిన ముక్కలే నాకూనండి. రెండేళ్లు తిన్నానండి. ఇంక ముద్ద దిగక... ఓ గోంగూర కట్టలోంచి వేళ్లున్న కాడ తెచ్చి పాతాను. అయ్యగారు చూసి పారిపోయారు కదండీ, దెయ్యమనుకుంటే అనుకున్నారులే, ఇటువైపు రారు అనుకున్నాను. ఇప్పుడు గొట్టమే తీయించేస్తానంటున్నారు."

"తెలిస్తే?"

"రాత్రి గడప దాటితే వర్క్ పర్మిట్ కేన్సిల్ చేయించి ఇండియా పంపేస్తానని మొదటిరోజే చెప్పారండి. మా చిన్నదాని నర్సింగ్ చదువు ఇంకా సగంలో ఉందండి." కళ్లు తుడుచుకుంది. "పీకేస్తాను మేడంగారండీ. ఈ రాత్రికే పీకేస్తాను."

"పీకావంటే ఊరుకోను," అంది తారాదేవి. తన కోపానికి తనే ఆశ్చర్యపోయింది. ఎక్కడో కోలారు పల్లెలో, ఎప్పుడో ఆరిపోయిందనుకున్న కోపం అది. "రోజూ రా. కింద మెట్ల దగ్గర నేను కాపలా ఉంటా. ఎవరైనా వస్తే పరిగెత్తుకొచ్చి ఈ గొట్టాన్ని గరిటెతో గీరతా. ఆ చప్పుడు వినగానే దాక్కో."

నూకరత్నం ఆమె కేసి వింతగా చూసింది. వెళ్లేటప్పుడు నైటీ జేబులోంచి చిన్న డబ్బా తీసి చేతిలో పెట్టింది. గోంగూర పచ్చడి.

ఆ వారమంతా కాపలా బాగానే సాగింది. రాజారావుగారు బ్లాకు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు — సెక్యూరిటీ గార్డును వెంటబెట్టుకుని ఒక రాత్రి తానే వెళ్తాడట, ఫోటోలు తీసి పిటిషన్‌కు జతచేస్తాడట. ఏ రాత్రో చెప్పలేదు.

శుక్రవారం తారాదేవి మెట్ల దగ్గర కూర్చుంది. గరిటె హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఫోన్ మోగింది. ఆఫీసు. ఏదో సర్వర్ పడిపోయింది. ఎత్తకపోతే ఉద్యోగానికే ముప్పొస్తుంది. చెట్టుకు ఆనుకుని, గొంతు తగ్గించి, ఇది నొక్కు అది నొక్కు అని చెబుతూ... చెబుతూ... గుట్టకు ఆవలి వైపు కూడా దారుందన్న సంగతే మరిచిపోయింది.

బర్ర్ర్ర్ర్...

అరికాళ్ల కింద నేల అదిరింది. ఇనుము మీద ఇత్తడి ఈడ్చినట్టు పొడుగ్గా, నింపాదిగా. తారాదేవి ఫోన్ నొక్కేసి చెట్టు వెనక్కి నక్కింది. పైన నీళ్ల చప్పుడు టక్కున ఆగిపోయింది.

మరుక్షణం చెట్ల సందుల్లోంచి, ఆవలి వైపు టార్చి వెలుగు కనిపించింది.

"దిస్ వే, దిస్ వే," రాజారావుగారి గొంతు. వెలుగు గొట్టం మీద పాకింది. ఇటుకల గది మీద పడింది. గోంగూర ఆకుల అంచుకు వచ్చింది... ఇంకొక్క అడుగు వేస్తే ఆకుల వెనక ముడుచుకున్న నూకరత్నం కనిపిస్తుంది. అడ్డం పడదామని తారాదేవి కదలబోయింది.

బర్ర్ర్ర్ర్...

ఈసారి గొట్టం లోపలి నుంచి. సిమెంటు మూతి వైపు నుంచి, వాళ్లు నిలబడ్డ చోటికే వస్తూ.

"అంకుల్, ఐ గో ఫస్ట్ ఆ," అన్నాడు గార్డు, ఇక నేను పోతానని. ఆ మాట పూర్తయ్యేసరికి ఇద్దరూ లేరు. రెండో కాలి చెప్పు కూడా గుట్టకే దక్కింది.

నూకరత్నం ఆకుల్లోంచి లేచి, నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "భలే గీరారు మేడంగారండీ! సరిగ్గా టయానికి!"

తారాదేవి నవ్వు సగంలో ఆగింది.

"నేను గీరలేదు. నువ్వనుకున్నా."

"నేనాండీ...? నా బిందె చూడండి."

స్టీలు బిందె మళ్లో బోర్లాపడి ఉంది, నోటినిండా మట్టితో. తారాదేవి హ్యాండ్‌బ్యాగు జిప్పు వేసినట్టే ఉంది. గరిటె అందులోనే ఉంది.

ఇద్దరూ గొట్టం కేసి చూశారు. తారాదేవి మెల్లగా అరచెయ్యి ఆనించింది. ఇనుము ఇంకా సన్నగా వణుకుతోంది.

లిఫ్టులో ఉండగా గ్రూపులో మెసేజ్ వచ్చింది. రాజారావుగారిదే. 'గొట్టం జోలికి ఎవరూ వెళ్లకండి. పిటిషన్ క్యాన్సిల్. తీయించొద్దు, ముట్టుకోవద్దు, దానికి కోపం తెప్పించొద్దు.'

తలుపు తీసేసరికి అనన్య హాల్లో నిలబడి ఉంది. గొడుగులన్నీ నేల మీద పడున్నాయి.

"అమ్మా, నేను ముట్టుకోలేదు, ఓకే? రూమ్‌లో ఉన్నా. ఏదో నాయిస్ వచ్చింది, వచ్చి చూస్తే ఆల్ ఆన్ ద ఫ్లోర్ లా."

బిందె మాత్రం దాని చోటే ఉంది. నిటారుగా, ఖాళీగా. తారాదేవి వంగి దాని అంచు మీద వేలు పెట్టి చూసింది. వేలికి ఎర్రగా, తడిగా, పచ్చి తుప్పు అంటింది.

ఆమెకు పారిపోవాలనిపించలేదు. పోయిన అవ్వకు ముప్పై ఏళ్లుగా ఒక్క ముద్దయినా పెట్టనందుకు సిగ్గేసింది, ఆమె ఇంత దూరం వచ్చి కాపలా కాసినందుకు కళ్లు చెమర్చాయి. గొడుగులన్నీ ఏరి వంటింటి తలుపు వెనక పెట్టింది. బిందెను పైటచెంగుతో తుడిచింది. తర్వాత టేబుల్ మీద మూడో కంచం పెట్టి, వేడన్నం వడ్డించి, పక్కన గోంగూర పచ్చడి వేసింది.

అనన్య కంచాన్నీ, అమ్మనూ మార్చి మార్చి చూసింది. "ఎవరొస్తున్నారు?"

"వచ్చేసింది," అంది తారాదేవి. "కూర్చో, తిందాం."