ఐదు వందలకు పన్నెండు తక్కువ

"మా ఊరికీ మీ సిటీకీ విమానంలో ఎంత దూరమండీ?"

టికెట్ల కౌంటర్లో అమ్మాయి ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గోడ మీద మ్యాపుకి స్కేలు ఆనించింది. అడిగింది వానలాయన. అసలు పేరు వేరే ఉందిలెండి, ఈ ఆఫీసంతా అలాగే పిలుస్తారు. ఉత్తరాన కొండల చివర పల్లెలో వాతావరణ కేంద్రం ఉద్యోగి. అక్కడికెళ్లే చిన్న విమానం కోసం రోజూ పొద్దున్నే ఫోన్ చేసి మబ్బెంత, గాలెంత అని ఈ అమ్మాయికి చెప్పాలి. రెండు నిమిషాల పని. ఏడాదిగా ఇద్దరూ కలిసి దాన్ని అరగంట చేస్తున్నారు.

"నాలుగు వందల ఎనభై ఎనిమిది కిలోమీటర్లు."

"ఐదు వందలు చెయ్యలేరా?"

"మీ ఊరిని పన్నెండు కిలోమీటర్లు వెనక్కి జరపండి, చేస్తాను."

అతను నవ్వలేదు. వాళ్ల ఆఫీసులో రూలట. సిటీకి విమాన ప్రయాణ దూరం ఐదు వందలు దాటిన చోట పనిచేస్తే రెండేళ్లకే సిటీకి బదిలీ. దాటకపోతే ఇంకో మూడేళ్లు అక్కడే. ఆ దూరం విమానాల కంపెనీ రాసివ్వాలి.

"ఇక్కడికి రావాలని అంత తొందరేంటి?"

"ఒకళ్లున్నారు లెండి."

ఒకళ్లు! ఎవరా ఒకళ్లు? అమ్మా? అమ్మని ఎవరైనా ఒకళ్లంటారా? ఆ రోజు ఆమె ఒక పెద్దాయనకి వెళ్లాల్సిన ఊరు బదులు వచ్చిన ఊరికే టికెట్ రాసిచ్చింది.

ఆ విమానం నడిపేది ఆమె బాబాయే. సాయంత్రం విషయం విని నెత్తి కొట్టుకున్నాడు.

"స్కేలు పెట్టి కొలిచావా తల్లీ? మధ్యలో అంత కొండుంటే దాన్ని చుట్టి పోవద్దూ? నా లాగ్‌బుక్ చూడు. ఐదు వందల ముప్పై ఒకటి."

తప్పు తనదే. దిద్దితే అతను వస్తాడు, ఆ ఒకళ్ల దగ్గరికి. దిద్దకపోతే మూడేళ్లు ఆ గొంతు రోజూ తనదే. దూరం పెరిగితే దగ్గరకొస్తాడట, తగ్గితే అక్కడే ఉంటాడట. ఇదెక్కడి లెక్కో ఆమెకి ఎంతకీ అంతుపట్టలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మనసు చంపుకుని ఐదు వందల ముప్పై ఒకటి అని రాసి, ముద్ర కొట్టి పంపేసింది. పొద్దున ఫోన్లు ఇక నువ్వే తీసుకో అని బాబాయికి చెప్పింది. ఎందుకని ఆయన అడగలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు బాబాయి మోగుతున్న ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "నీకే" అంటూ విమానం వైపు వెళ్లిపోయాడు.

"బదిలీ వచ్చిందండీ. సోమవారం బయల్దేరుతున్నా."

"మంచిది. ఆవిడ సంతోషించారా?"

"ఏ ఆవిడ?"

"ఎవరి కోసం వస్తున్నారో ఆవిడ."

అవతల అతను గొంతు సవరించుకున్నాడు.

"మూడు వారాల్నుంచి మీరు ఫోన్ ఎత్తకపోతే నాకెలా తెలుస్తుందండీ? ఇప్పుడు చెప్పండి, సంతోషమేనా?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"సంతోషమే" అంది. వినపడిందో లేదోనని మళ్లీ గట్టిగా అంది. క్యూలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు.